ఆదివారపు పైలట్లు
(రెక్కల చరిత్ర – 14వ భాగం)

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో ఒక ఛలోక్తి నోటినోటా తిరిగేది. రెగ్యులర్ అంటే పెద్దమనిషి అనిపించుకోవాలని తంటాలు పడే ఆఫీసరు. ఆక్సిలరీ అంటే ఆఫీసరు అనిపించుకోవాలని తంటాలు పడే పెద్దమనిషి. ఇక వాలంటీర్ రిజర్వు వాడు ఆ రెండూ కాదు, రెండూ అనిపించుకోవాలని చూస్తుంటాడు. నవ్వుకోవడానికి పుట్టిన మాటే అయినా ఆనాటి ఇంగ్లండు సమాజమంతా ఇందులో ఉంది. ఎవరు గాల్లోకి లేవాలో, ఎవరు నేల మీదే ఉండిపోవాలో పుట్టిన ఇంటిని బట్టి, చదివిన బడిని బట్టి తేలిపోయే రోజులవి.

ఈ భాగంలో మనకు కావలసినవాడు ఆ మూడోవాడు. వాడికి శిక్షణ ఇవ్వడానికే ఒక కమాండ్ ఉండేది. దాని పేరు రిజర్వ్ కమాండ్. ఫైటర్ కమాండ్ మీద, బాంబర్ కమాండ్ మీద అల్మారాలు నిండేంత సాహిత్యం ఉంది. రిజర్వ్ కమాండ్‌కు మాత్రం రెండు పుట్టిన తేదీలు, రెండు రద్దు తేదీలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. నాకైతే ఆ రెండు జీవితాల మధ్య జరిగిన సంగతులు ఏ ఆకాశ యుద్ధానికీ తీసిపోవు.

పోయిన భాగాల్లో చూశాం: 1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్స్ పుట్టింది, ఆ ఏడాది నవంబరులో యుద్ధం ముగిసింది, తర్వాత ఖజానా వాళ్ల కత్తెర పదునెక్కింది. దళాధిపతి ట్రెంచర్డ్ ముందున్న చిక్కు తేలికైనది కాదు. శాంతికాలంలో పెద్ద దళాన్ని పోషించడానికి డబ్బు లేదు. యుద్ధమంటూ వస్తే పైలట్లు రాత్రికి రాత్రి తయారవరు. పదాతిదళంలో రిజర్వు సిపాయి ఇంటికెళ్లి పదేళ్లు వ్యవసాయం చేసుకున్నా తుపాకీ పట్టుకోవడం మరీ మరిచిపోడు. పైలట్ సంగతి అలా కాదు. ఆరు నెలలు ఎగరకపోతే చెయ్యి తప్పుతుంది, ఏడాది ఎగరకపోతే అతణ్ణి విమానంలో కూర్చోబెట్టడం అతనికీ ప్రమాదమే, విమానానికీ ప్రమాదమే. కాబట్టి వైమానిక రిజర్వు అంటే పేర్ల జాబితా ఉంచుకుంటే చాలదు, ఆ పేర్లను ఏటా గాల్లో తిప్పుతూ ఉండాలి.

దీనికి దొరికిన ఉపాయం కాంట్రాక్టు. 1923లో ప్రభుత్వం విమానాల కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. లండన్ శివార్లలోని స్టాగ్ లేన్‌లో డి హావిలాండ్, ఫిల్టన్‌లో బ్రిస్టల్ కంపెనీ, ఇంకా మరికొన్ని చోట్ల మరికొన్ని కంపెనీలు. మైదానం, మెకానిక్కులు, శిక్షకులు, విమానాలు అన్నీ కంపెనీవే. రిజర్వులో ఉన్న మాజీ ఆఫీసర్లు ఏటా వచ్చి కొన్ని గంటలు ఎగిరి చెయ్యి సాపు చేసుకుని వెళ్లేవారు. యుద్ధం ముగిశాక ఆర్డర్లు లేక చిక్కిపోయిన కంపెనీలకు ఈ సొమ్ము ఊపిరి పోసింది. ప్రభుత్వానికి చవక, కంపెనీకి బతుకుతెరువు. తర్వాత ముప్పై ఏళ్లు రిజర్వు శిక్షణ అంతా దాదాపు ఇదే పద్ధతిలో నడిచింది.

1924లో ఆక్సిలరీ ఎయిర్ ఫోర్స్‌కు చట్టం వచ్చింది. 1925లో మొదటి స్క్వాడ్రన్లు ఏర్పడ్డాయి: గ్లాస్గోకు 602, ఎడిన్‌బరోకు 603, లండన్‌కు 600, 601. ఒక్కో స్క్వాడ్రన్ ఒక్కో ఊరిది. ఆ ఊరి యువకులు వారాంతాల్లో వచ్చి ఎగిరేవారు. వినడానికి ఇది ప్రజల దళంలాగే ఉంది. లోపలికి చూస్తే క్లబ్బు. ఆఫీసరుగా చేరాలంటే చాలా చోట్ల సొంత ఖర్చుతో విమానం నడపడం ముందే నేర్చుకుని రావాలి, లేదా మిగతావాళ్లతో కలిసి తిరగగలిగే తాహతైనా ఉండాలి. లార్డ్ ఎడ్వర్డ్ గ్రోవనర్ స్థాపించిన 601కు జనం పెట్టిన పేరు ‘మిలియనీర్స్ స్క్వాడ్రన్’. వాళ్లు యూనిఫాం కోటుకు ఎర్ర సిల్కు లైనింగ్ కుట్టించుకునేవారు. యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు వాళ్లలో ఒకాయన ఏకంగా పెట్రోలు బంకే కొనేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది ఎంతవరకు నిజమో గానీ, ఆ స్క్వాడ్రన్ గురించి జనం నమ్మడానికి సిద్ధంగా ఉన్న కథ అదన్నమాట.

హిట్లర్ జర్మనీ ఆయుధాలు పోగేసుకోవడం బాహాటమయ్యాక ఈ క్లబ్బుతో పని జరగదని తేలిపోయింది. అప్పుడు వైమానిక దళంలో శిక్షణ డైరెక్టరుగా ఉన్నవాడు ఆర్థర్ టెడ్డర్. తర్వాతి కాలంలో ఐసెన్‌హోవర్‌కు డిప్యూటీగా ప్రపంచమెరిగిన టెడ్డర్ ఆయనే. ఆయన ఆలోచనల్లోంచి 1936లో రాయల్ ఎయిర్ ఫోర్స్ వాలంటీర్ రిజర్వ్ వచ్చింది. లక్ష్యం ఏడాదికి 800 మంది పైలట్లు. వయసు 18 నుంచి 25. ముఖ్యమైన మెలిక ఒకటుంది: ఎవరు చేరినా మామూలు సిపాయిగానే చేరాలి. పైలట్‌గా శిక్షణ పొందేవాడికి సార్జెంట్ హోదా. జమీందారు కొడుకైనా, బ్యాంకు గుమస్తా అయినా మొదటి మెట్టు ఒక్కటే. ఆఫీసరు పదవి కావాలంటే ఆ తర్వాత, ప్రతిభను చూసి.

చేరినవాడికి ఏడాదికి 25 పౌండ్ల భత్యం, దారిఖర్చులు, ఎగరడం ఉచితం. ఫ్లయింగ్ క్లబ్బులో ఒక గంటకయ్యే ఖర్చు చూసి వెనక్కి తిరిగిన కుర్రవాళ్లకు ఈ ప్రకటన ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1937 ఏప్రిల్ నుంచి శిక్షణ మొదలైంది. పట్టణాల మధ్యలో ‘టౌన్ సెంటర్’ పేరుతో భవనాలు తీసుకున్నారు. పగలంతా ఉద్యోగం చేసుకున్న కుర్రాడు సాయంత్రం అక్కడికి వెళ్లి మోర్స్ కోడ్, దిక్కుల లెక్కలు, ఇంజను పని చేసే తీరు నేర్చుకునేవాడు. శని ఆదివారాల్లో దగ్గర్లోని విమాన మైదానానికి ప్రయాణం. ఏడాదికొకసారి రెండు వారాల క్యాంపు. చాలామంది ఉద్యోగంలో ఇచ్చిన సెలవులన్నీ దీనికే ఖర్చు పెట్టేవారు. చలికాలంలో ఇంగ్లండు ఆదివారాలంటే మంచు, ముసురు. పొద్దుటి నుంచి షెడ్డులో కూర్చుని, టీ తాగి, చేతిలోని లాగ్‌బుక్కులో ఒక్క నిమిషం కూడా రాయకుండా ఇంటికి తిరిగొచ్చిన ఆదివారాలే ఎక్కువ.

శిక్షణ కేంద్రాలు అవే కాంట్రాక్టు బళ్లు, ఇప్పుడు ఇంకా ఎక్కువ: హ్యాట్‌ఫీల్డ్‌లో డి హావిలాండ్, బ్రవ్‌లో బ్లాక్‌బర్న్, స్కాట్లండులోని పెర్త్‌లో ఎయిర్‌వర్క్, ప్రెస్ట్‌విక్‌లో స్కాటిష్ ఏవియేషన్. రెండు రెక్కల టైగర్ మాత్ మీద అక్షరాభ్యాసం, తర్వాత హాకర్ హార్ట్, హైండ్ విమానాలు. 1939 నాటికి ఇలాంటి బళ్లు నలభై దాటాయి.

పెర్త్‌లో చేరినవాళ్లలో జేమ్స్ లేసీ అనే యార్క్‌షైర్ కుర్రాడున్నాడు. మందుల దుకాణంలో అప్రెంటిస్. ఎర్ర జుట్టు కావడంతో అందరూ ‘జింజర్’ అనేవారు. 1940 వేసవిలో అతను 501 స్క్వాడ్రన్‌లో సార్జెంట్ పైలట్‌గా హరికేన్ నడిపి, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో అత్యధిక విజయాలు సాధించిన పైలట్లలో ఒకడిగా తేలాడు.

జానీ జాన్సన్ కథ మరీ ముచ్చటైనది. లెస్టర్‌షైర్ నుంచి వచ్చిన సివిల్ ఇంజనీరు. ముందు ఆక్సిలరీలో చేరడానికి ఇంటర్వ్యూకు వెళ్లాడు. అతనిది లెస్టర్‌షైర్ అని తెలియగానే ఎదుటాయన ముఖం వికసించింది, ఏ నక్కల వేట బృందంతో తిరుగుతావు అని అడిగాడు. లెస్టర్‌షైర్ అంటే గుర్రాల మీద నక్కల వేటకు పేరు మరి. తనకు వేట లేదని, ఉన్న కాస్త డబ్బు ఎగరడానికే సరిపోతుందని జాన్సన్ చెప్పాడు. ఇంటర్వ్యూ అంతటితో చల్లబడింది. ఆ తర్వాత అతను వాలంటీర్ రిజర్వులో చేరి, ఎసెక్స్‌లోని స్టేపుల్‌ఫర్డ్ టానీలో ఎగరడం నేర్చుకున్నాడు. యుద్ధం ముగిసేసరికి అతని పేరున 34 శత్రు విమానాలు. పశ్చిమ యూరప్ ఆకాశంలో బ్రిటిష్ పైలట్లలో అంతకు మించినవాడు లేడు. వేట ప్రశ్న అడిగిన పెద్దమనిషి ఆ సంగతి విని ఏమనుకున్నాడో మాత్రం చరిత్రలో లేదు.

1938 సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందంతో యుద్ధం తప్పింది అన్నారు. వాయిదా పడిందని తెలిసినవాళ్లకు తెలుసు. వాలంటీర్ల వరద పెరిగింది. రెగ్యులర్ శిక్షణతో పాటు ఈ నలభై పైచిలుకు బళ్ల భారం కూడా ట్రైనింగ్ కమాండే మోయడం కష్టమైంది. అలా 1939 ఫిబ్రవరి 1న రిజర్వ్ కమాండ్ విడిగా ఏర్పడింది. అధిపతి ఎయిర్ మార్షల్ క్రిస్టఫర్ కోర్ట్నీ.

కోర్ట్నీ గురించి ఒక్క ముక్క చెప్పుకోవాలి. ఆ ఏడాది ఫైటర్ కమాండ్ పగ్గాలు ఆయనకు అప్పగించాలనుకున్నారు. అప్పుడు అక్కడ ఉన్న హ్యూ డౌడింగ్ రిటైర్ కావలసినవాడు. ఈలోగా విమాన ప్రమాదంలో కోర్ట్నీ గాయపడ్డాడు. డౌడింగ్‌ను కదిలించలేదు. ఆ డౌడింగే 1940లో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడిన వ్యూహకర్త. రాడార్లను, టెలిఫోన్లను, పరిశీలక దళాన్ని ఒక్క తాటి మీదికి తెచ్చినవాడు ఆయనే. ఫ్రాన్సు కోసం ఇంకా స్క్వాడ్రన్లు పంపమంటే కుదరదన్నవాడూ ఆయనే. కోర్ట్నీ సమర్థుడే, తర్వాత యుద్ధమంతా సరఫరాలు చూశాడు. అయినా ఆ కుర్చీలో ఆయనుంటే ఏమై ఉండేదన్న ప్రశ్న చరిత్రకారులను వదలదు. రిజర్వ్ కమాండ్ మొదటి అధిపతి తనకు తెలియకుండానే చేసిన పెద్ద మేలు ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

ఈ కమాండ్‌కు యుద్ధానికి ముందు దక్కిన సమయం ఏడు నెలలు. 1939 సెప్టెంబరు 1న వాలంటీర్లందరికీ పిలుపు అందింది. అప్పటికి జాబితాలో 6,646 మంది పైలట్లు, 1,625 మంది అబ్జర్వర్లు, 1,946 మంది వైర్‌లెస్ ఆపరేటర్లు. రెండున్నరేళ్ల సాయంత్రాల, ఆదివారాల ఫలితమది. అంతమందిని ఒకేసారి పిలిచాక ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. పై శిక్షణకు విమానాలు చాలవు. సముద్రతీరంలోని హేస్టింగ్స్, బెక్స్‌హిల్ వంటి విహార పట్టణాల హోటళ్లను, కేంబ్రిడ్జ్ కాలేజీల గదులను తీసుకుని అందులో నింపారు. యుద్ధమని ఉద్యోగం వదిలి వచ్చిన పైలట్లు ఆ చలికాలమంతా బీచి రోడ్ల మీద కవాతు చేశారు. వారాంతంలోనైనా ఎగిరేవాళ్లం, ఇప్పుడు అదీ పోయింది అని వాపోయారు.

ఇక్కడే రిజర్వ్ కమాండ్ తలరాత బయటపడింది. యుద్ధం వచ్చిన మరుక్షణం రిజర్వు రిజర్వుగా ఉండదు. విద్యార్థులందరూ పూర్తికాలం సైనికులైపోయారు. కమాండ్ దగ్గర మిగిలినవి ఖాళీ అయిన బళ్లు. వాటిలో సుమారు సగం మూసేసి, మిగతావాటిని కొత్త రంగరూట్లకు తొలిపాఠాలు చెప్పే మామూలు ప్రాథమిక శిక్షణ బళ్లుగా మార్చారు. అలాంటప్పుడు వేరే కమాండ్ దేనికి? 1940 మే 27న దాన్ని రద్దు చేసి, అదే రోజు ఏర్పడిన ఫ్లయింగ్ ట్రైనింగ్ కమాండ్‌లో కలిపేశారు. డన్‌కిర్క్ తీరం నుంచి సైన్యాన్ని తరలించడం మొదలైన మర్నాడది. ఆ వారంలో ఒక ఆఫీసు మూతపడిందన్న వార్త ఎవరి చెవికెక్కుతుంది?

ఆఫీసు పోయింది గానీ అది తయారు చేసినవాళ్లు అప్పుడే పనిలోకి దిగారు. ఆక్సిలరీల ఖాతాలో న్యాయంగా ఒకటి జమ వేయాలి. 1939 అక్టోబరు 16న స్కాట్లండులోని ఫోర్త్ నదీముఖం మీదికి వచ్చిన జర్మన్ బాంబర్లను కూల్చినవి 602, 603 స్క్వాడ్రన్లే. ఈ యుద్ధంలో బ్రిటన్ తీరంలో కూలిన మొదటి జర్మన్ విమానాలవి. కొందరు ఎర్ర సిల్కు వేసుకున్నారని మిగతావారి సాహసాన్ని తక్కువ చేయలేం. అయితే 1940లో నష్టపోయిన స్క్వాడ్రన్లను వారం వారం పూరించినవాళ్లు మాత్రం వాలంటీర్ రిజర్వు సార్జెంట్లు. ఒక్కో మెస్సులో పక్కపక్కన లార్డుల కొడుకులూ, గుమాస్తాల కొడుకులూ. అసలు మెస్సులు వేరు వేరు; ఆకాశంలో పక్కపక్కన అనాలి. సార్జెంట్ పైలట్ ఆఫీసరుకు దారి చూపించి, దిగాక వేరే గదిలో భోంచేసేవాడు. ఆ తేడా యుద్ధం పూర్తయ్యేవరకూ పోలేదు.

ఆ ఏడాది ఇంకో కట్టుబాటు కూడా సడలింది. అంతకుముందు బ్రిటిష్ దళంలో ఆఫీసరు కావాలంటే తల్లిదండ్రులిద్దరూ యూరప్ సంతతి వాళ్లు కావాలి. 1939 అక్టోబరులో యుద్ధకాలానికని ఈ నిబంధన ఎత్తేశారు. 1940లో మన దేశం నుంచి 24 మంది పైలట్లు ఇంగ్లండు వెళ్లారు. వాళ్లకు కమిషన్ దక్కింది వాలంటీర్ రిజర్వులోనే. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరడం నేర్చుకున్న మహీందర్ సింగ్ పుజ్జీ వాళ్లలో ఒకడు. తలపాగా తీయనని పట్టుబట్టి, తలపాగా మీదే ఇయర్‌ఫోన్ బిగించుకుని హరికేన్ నడిపాడు. యుద్ధకాలంలో చేరినవాళ్లందరినీ వాలంటీర్ రిజర్వు ఖాతాలోనే రాసేవారు కాబట్టి ఇది దానికి ప్రత్యేకమైన ఔదార్యమేమీ కాదు, నిజమే. కానీ ముందు గుమస్తాలకు తెరుచుకున్న గుమ్మం అది. పక్క గుమ్మం కావడం వల్లనే కాపలా తక్కువ.

మన వైపు కూడా దీనికో చిన్న నీడ పడింది. 1939లోనే ఇండియన్ ఎయిర్ ఫోర్స్ వాలంటీర్ రిజర్వ్ ఏర్పాటైంది. రెగ్యులర్ స్క్వాడ్రన్లు వాయవ్య సరిహద్దులో ఉంటే సముద్రతీరాన్ని చూసేదెవరు? ఫ్లయింగ్ క్లబ్బుల్లో నేర్చుకున్నవాళ్లను, విమానాలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లను పోగుచేసి తీర రక్షణ ఫ్లైట్లు ఏర్పరిచారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్, ఆరోది విశాఖపట్నం. చేతిలో ఉన్నవి ఎక్కువగా కాలం చెల్లిన వాపిటీ విమానాలు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన సంగతి మన పెద్దవాళ్లు చెప్పగా విన్నదే; అలాంటి శత్రువు ముందు వాపిటీ ఏపాటి? అదే ఏడాది చివర ఈ ఫ్లైట్లను రద్దు చేసి మనుషుల్ని కొత్త స్క్వాడ్రన్లకు మార్చారు. ఇక హైదరాబాదులో బేగంపేట మైదానంలో యుద్ధకాలంలో టైగర్ మాత్‌ల మీద ప్రాథమిక శిక్షణ సాగింది. నిజాం విరాళంతో పేరు తెచ్చుకున్న 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్లతో పోరాడింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా.

రిజర్వ్ కమాండ్ రెండో జన్మ 1946 మే 1న. కేంద్రం లండన్‌కు పడమర ఉన్న వైట్ వాల్తం. యుద్ధకాలంలో ఆ మైదానం ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ అనే సంస్థది. ఫ్యాక్టరీల నుంచి విమానాలను స్క్వాడ్రన్లకు చేరవేసే ఆ సంస్థలో స్త్రీ పైలట్లు స్పిట్‌ఫైర్లు, బాంబర్లు నడిపారు. యుద్ధం కాగానే వాళ్లకు ధన్యవాదాలు చెప్పి ఇంటికి పంపించేశారు.

కొత్త కమాండ్ కింద ఆక్సిలరీ స్క్వాడ్రన్లు మళ్లీ లేచాయి, 1947 డిసెంబరులో వాటికి ‘రాయల్’ గౌరవం కూడా దక్కింది. పాత కాంట్రాక్టు కంపెనీలు మళ్లీ రిజర్వు బళ్లు తెరిచాయి, ఇరవైకి పైగా. యుద్ధం చూసి వచ్చి, పగలు ఆఫీసులో ఫైళ్లు తిప్పే మాజీ పైలట్లు ఆదివారం టైగర్ మాత్ ఎక్కేవారు. 1950 నుంచి దాని స్థానంలో చిప్‌మంక్ వచ్చింది.

ఈ కాలంలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది ఒక్క పేరు: జీన్ లెనాక్స్ బర్డ్. ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీలో పనిచేసిన పైలట్. మహిళల వాలంటీర్ రిజర్వులో చేరి, 1952లో రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్ రెక్కల చిహ్నం పొందిన తొలి మహిళ అయ్యారు. రెగ్యులర్ దళంలో మహిళా పైలట్ రావడానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది. అంటే సుమారు నలభై ఏళ్లు. అంతకాలం ‘కుదరదు’ అన్న పనిని ఒక ఆదివారపు బడిలో చేసి చూపించారు. అయినా పై అధికారులు దాన్ని ముచ్చటగా చూశారే తప్ప అందులోంచి ఏమీ నేర్చుకోలేదు.

1950 ఆగస్టు 1న కమాండ్ పేరు హోమ్ కమాండ్ అయింది. పేరు మారడంలోనే దిగుడు కనిపిస్తుంది. యుద్ధవిమానాల ఆక్సిలరీ స్క్వాడ్రన్లను అప్పటికే ఫైటర్ కమాండ్‌కు అప్పగించారు. మిగిలినవి రిజర్వు బళ్లు, విశ్వవిద్యాలయ స్క్వాడ్రన్లు, 1941లో పుట్టిన ఎయిర్ ట్రైనింగ్ కోర్ కుర్రాళ్ల వ్యవహారాలు. కొరియా యుద్ధంతో ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. 1951లో ఆక్సిలరీ స్క్వాడ్రన్లను మూడు నెలలు పూర్తికాల సేవకు పిలిచారు. తర్వాత మళ్లీ చల్లబడింది. 1953, 54లలో రిజర్వు బళ్లు మూతపడ్డాయి.

డబ్బు ఒక్కటే కారణమంటే పొరపాటు. వేగం మారింది. గుమస్తా ఆదివారం టైగర్ మాత్ నేర్చుకుని ఏడాదిలో హరికేన్‌కు ఎక్కగలిగాడంటే రెండిటికీ మధ్య దాటగలిగినంత దూరమే ఉంది. ఆక్సిలరీలు వ్యాంపైర్, మీటియర్ జెట్లనూ వారాంతాల్లో బాగానే నడిపారు. వాటి తర్వాత రాబోయేవి ధ్వనివేగాన్ని దాటేవి, రాడార్‌తో గురి చూసేవి. వాటికి నెలకు నాలుగు ఆదివారాలు చాలవన్నారు అధికారులు. అణుబాంబు వచ్చాక యుద్ధం ఏళ్ల తరబడి సాగుతుందని, రిజర్వును పిలిచి సిద్ధం చేసుకునే వ్యవధి ఉంటుందని ఎవరూ నమ్మలేదు. 1957 మార్చి 10న 20 ఆక్సిలరీ స్క్వాడ్రన్లనూ ఒకే రోజు రద్దు చేశారు. ఊళ్లు గోల పెట్టాయి, పత్రికలు రాశాయి, లాభం లేకపోయింది. మరుసటి నెలలోనే రక్షణ మంత్రి డంకన్ శాండ్స్ శ్వేతపత్రం వచ్చి, ఇక భవిష్యత్తు క్షిపణులదే అంది. మనుషులు నడిపే ఫైటర్లకు కాలం చెల్లినట్లేనన్న ఆ జోస్యం ఎంత తప్పో ఇవాళ చెప్పనక్కర్లేదు. 1959 వసంతంలో హోమ్ కమాండ్ కూడా ముగిసింది.

విచిత్రమేమిటంటే, బ్రిటన్ వదిలించుకోబోతున్న ఈ ఏర్పాటును సరిగ్గా ఆ రోజుల్లోనే స్వతంత్ర భారతం ఎత్తుకుంది. 1952లో మన పార్లమెంటు రిజర్వ్, ఆక్సిలరీ వైమానిక దళాల చట్టం చేసింది. ఆ చట్టం కింద ఎవరు చేరారు, ఏం నడిపారు అన్నది వచ్చే భాగంలో చూద్దాం.